దీపము క్రింది కప్ప

అహింసను గూర్చి ప్రసంగించునపుడు గోవును, లేడిని, పావురమును ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. అందమైన జీవియందు దయ కలుగుట కష్టము కాదు. కంటికి ఇంపుగా లేనిది, చేతికి గరుకుగా తగులునది, ఇంటిలోనికి వచ్చినచో చీపురు కొరకు వెదకించునది ఎదురైనపుడే దయ ఎంత లోతుగా నాటుకొన్నదో తెలియును. అట్టి జీవులలో గోదురుకప్ప ఒకటి. తమిళులు దీనిని తేరై అందురు. నూతి గట్టున, గోడ మూలను, పూలకుండీ క్రింద పగలెల్ల నక్కియుండి, చీకటి పడగానే బయటికి వచ్చు ఈ చిన్న ప్రాణిని గూర్చి ఆలోచించినచో శ్రావక ధర్మములోని ఒక పెద్ద ప్రశ్న ఎదుట నిలుచును.

జవ్వాది కొండల పాదమున ఆలంగాయమను ఊరు కలదు. అది పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. పిమ్మట వేలూరు జిల్లాలో చేరి, 2019 నుండి తిరుపత్తూరు జిల్లాలో నున్నది. ఈ సీమకు అహింసావాణి క్రొత్తది కాదు. పాత ఉత్తర ఆర్కాటులోనిదే యైన వళ్ళిమలై కొండమీద, క్రీస్తుశకము 9వ శతాబ్దిలో గంగరాజు రాచమల్లుని కాలమునాటి జైనశిల్పములు నేటికిని ఉన్నవి.

ఆలంగాయము వంటి ఊరిలో ఒక జైన వర్తకుని కిరాణా దుకాణమును ఊహింపవచ్చును. వాన వెలిసిన సాయంకాలము. దుకాణము పేరు వ్రాసిన బోర్డుపై తెల్లని దీపము వెలుగుచున్నది. దాని చుట్టును ఉసిళ్ళు, రెక్కల పురుగులు ముసురుకొన్నవి. రెక్కలు రాలి మెట్టుమీద పడినవానిని ఒక గోదురుకప్ప ఒక్కొక్కటిగా నాలుకతో అందుకొనుచున్నది. ఇంటి పిల్లవాడు అది చూచి ఉండబట్టలేక, "దాదాజీ, ఎన్ని పురుగుల్ని తినేస్తోందో చూడండి. దీన్ని తరిమేయనా? పాపం, అవి బ్రతుకుతాయి కదా!" అనును. లెక్కలు చూచుకొనుచున్న గుమాస్తా తల ఎత్తి, "ఉండనీ బాబూ, పురుగుల్ని తింటే మనకు మేలే కదా. పప్పు బస్తాల జోలికి రాకుండా పోతాయి" అనును.

పిల్లవానిది కరుణ, గుమాస్తాది లోకజ్ఞానము. ఇద్దరి మాటలోను కొంత న్యాయమున్నది. అయినను ధర్మమునకు ఈ రెండును చాలునా? ఆలోచింపవలసిన విషయమిది. అందులకు ముందు ఆ కప్ప ఎట్టిదో తెలిసికొనుట మంచిది. ఎరుగని జీవిని గూర్చి తీర్పు చెప్పుటయు ఒక తొందరపాటే.

గోదురుకప్ప మన ఇండ్లచుట్టు తిరుగు కప్పలలో మిక్కిలి సామాన్యమైనది. పాకిస్థాను మొదలు భారతదేశము, సింహళము, నేపాళము మీదుగా దక్షిణ చైనా, ఇండోనీషియాల వరకు ఇది వ్యాపించియున్నది. 1799లో ష్నైడర్ అను జర్మను పండితుడు దీనికి శాస్త్రీయ నామమిడెను. ఆ పేరులో "నల్లచుక్కలు కలది" అను అర్థమున్నది. ఒడలిమీది బొడిపెల కొనలు నల్లగా ఉండుటయే అందులకు కారణము. 2006లో శాస్త్రజ్ఞులు దీనిని వేరొక ప్రజాతిలో చేర్చి, ఆ ప్రజాతికి సుశీల్ కుమార్ దత్తా అను భారతీయ శాస్త్రజ్ఞుని పేరు పెట్టిరి.

దీనికి పండ్లు లేవు. కదలిక లేని పురుగు ఎదుట ఉన్నను దీనికి ఆహారముగా తోచదు. కదలినపుడే నాలుక చాచును. మ్రింగునపుడు కన్నులు మూసి లోనికి నొక్కుకొనును. ఆ కనుగ్రుడ్లే ఆహారమును గొంతులోనికి త్రోయుటకు సాయపడును. ఇది నోటితో నీరు త్రాగదు. తడినేలమీద పొట్ట ఆనించి కూర్చుండి చర్మముద్వారా నీటిని పీల్చుకొనును. ఒడలి పైపొర అప్పుడప్పుడు ఊడిపోవును. దానిని సయితము పారవేయక తానే తినివేయును.

కన్నుల వెనుక రెండు ఉబ్బెత్తు గ్రంథులున్నవి. కుక్క కరచినచో వానినుండి పాలవంటి విషము వచ్చును. కుక్క నురుగు క్రక్కి దూరముగా పోవును. ఇది తానై ఎవరిమీదను ఆ విషమును ప్రయోగింపదు, నొక్కినపుడే స్రవించును. ముట్టుకొన్నచో పులిపిరులు వచ్చునను నమ్మకము నిజము కాదు. మనుష్యులకు పులిపిరులు వచ్చుట వేరొక సూక్ష్మజీవి వలన. ముట్టినవారు కన్నులు తాకకముందే చేతులు కడిగికొన్న చాలును.

వాన రాగానే మగకప్పలు నిలిచిన నీటియొద్ద చేరి కూయును. ఆడుకప్ప మగదానికంటె పెద్దది. అది నీటిలో జిగురువంటి పదార్థముతో కూడిన రెండు పొడవైన దారములుగా, వేల సంఖ్యలో గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడు నల్లని తోకకప్పలు గుంపులు గుంపులుగా తిరుగుచు ముఖ్యముగా నాచును తినుచుండును. కొన్ని వారములకు కాళ్ళు వచ్చి, తోక కరగి, వ్రేలిగోరంత కప్పపిల్లలు గట్టెక్కును. ఆ వేలలో పెద్దవగునవి కొన్నియే. గుంట ఎండిపోయినను, ఎవరైన బ్లీచింగు పొడి చల్లినను ఒక్క పూటలో ఆ సంతతి యంతయు నశించును.

మునులు వర్షాకాలమున నాలుగు మాసములు విహారము మాని ఒకచోట నిలుచుట ఇందుకే గదా! ఆషాఢ పూర్ణిమ మొదలు కార్తిక పూర్ణిమ వరకు నేలంతయు జీవమయమై యుండును. కాలు పెట్టుటకు ముందు చూడవలసిన కాలమది. గోదురుకప్పకు పుట్టుకకాలమైనదే మునికి చాతుర్మాస్యమగుట కాకతాళీయము కాదు.

ఇక పిల్లవాని మాటకు వత్తము. కప్పను తరిమినచో పురుగులు బ్రతుకునా? ఆ రాత్రికి ఆ మెట్టుమీద కొన్ని బ్రతుకవచ్చును. కాని కప్ప వేరొక చోట ఆకలి తీర్చుకొనును. లేదా తరిమిన దెబ్బకు వీధిలోనికి పోయి బండి చక్రము క్రింద పడును. జైనశాస్త్రము చీమను మూడు ఇంద్రియములు గలదానిగను, ఈగను నాలుగు ఇంద్రియములు గలదానిగను, కప్పను పంచేంద్రియ జీవిగను లెక్కించును. ఒకదానిని రక్షింపబోయి మరియొకదానిని చంపుట దయ కాజాలదు. అంతేకాదు, వ్రతము ఒకరు మరియొకరిచే బలవంతముగా పట్టించునది కాదు. కప్పచేత ఉపవాసము చేయింప మనకు అధికారము లేదు.

గుమాస్తా మాట ఇంకను సూక్ష్మముగా చూడదగినది. కప్ప పురుగులను తిని మేలు చేయుట నిజమే. దానిని గుర్తింపనందున నష్టము కలిగిన కథ మన దేశములోనే జరిగినది. పొలములలోని పెద్దజాతి కప్పల కాళ్ళను విదేశములకు ఎగుమతి చేయు వ్యాపారము మన దేశమున చాలకాలము సాగెను. కప్పలు తరిగి పురుగులు పెరుగునను ఆందోళన కలిగి, 1987లో భారత ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను. ఇది మంచి పనియే. అయినను ఒక చిక్కున్నది. మేలు చేయుచున్నది గనుక బ్రతుకనిత్తమన్నచో, మేలు చేయని జీవి సంగతి ఏమి? ప్రాణమునకు కూలి కట్టి చూచుట వర్తకపు లెక్కకు సరిపోవును గాని ధర్మపు లెక్కకు సరిపోదు. జీవులు పరస్పరము ఉపకరించుకొనుట జీవుల లక్షణమని ఉమాస్వాతి ఆచార్యుడు చెప్పెను. ఉపకరించిన జీవియే బ్రతుకవలెనని చెప్పలేదు.

అట్లయిన సరియైన ప్రశ్న ఏది? కప్ప పురుగులను తినవచ్చునా కూడదా అనునది కాదు. ఆ పురుగులను ఆ మెట్టుమీదికి పిలిచినదెవరు అనునది.

కప్ప పిలువలేదు. పురుగులు తమంతట రాలేదు. దీపము పిలిచినది. ఆ దీపమును పెట్టినవాడు దుకాణదారుడు.

తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి హింసకు చెప్పిన లక్షణము ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. ప్రమాదముతో కూడిన ప్రవృత్తి వలన ప్రాణములకు హాని కలిగించుట హింస. తెలుగు వాడుకలో ప్రమాదమన్న ఆపద అని అర్థము. బండి బోల్తాపడినచో ప్రమాదమందుము. శాస్త్రములో దాని అర్థము ఏమరుపాటు. మన వాడుకలో ప్రమాదము మనకు వచ్చిపడునది. శాస్త్రములో మనము చేయునది. ఈ ఒక్క మాటలోని భేదమును గ్రహించినచో సగము ధర్మము తెలిసినట్లే.

శాస్త్రకారులు గృహస్థునిపై మోయరాని బరువు పెట్టలేదు. కావలెనని చేయు సంకల్పహింసను అతడు పూర్తిగా విడువవలెను. వంట, ఇల్లు, వ్యాపారము మొదలగువానిలో తప్పని హింసను తగ్గించుకొనుచు పోవలెను. దానితోపాటు అనర్థదండ విరమణమను గుణవ్రతము ఒకటి విధించిరి. ప్రయోజనము లేకుండ జీవులకు కీడు చేయకుండుట దాని సారము. అందులో ప్రమాదచర్య యొక భేదము. అక్కర లేకున్నను నేల త్రవ్వుట, నీరు పారబోయుట, నిప్పు రగుల్చుట మొదలగునవి ప్రమాదచర్యలోనికి వచ్చును. ఈ దృష్టితో చూచినచో, బేరము జరుగునపుడు వెలుగు దీపము ఒకటి, దుకాణము మూసిన తరువాత తెల్లవార్లు వెలుగు దీపము వేరొకటి. మొదటిది జీవనోపాధికై పెట్టినది. రెండవదానిక్రింద సరకు చూపువారు లేరు, కొనువారు లేరు. వెలుగుచున్నది పేరొక్కటే.

పేరు మాట వచ్చినది గనుక, జ్ఞాతాధర్మకథలోని 13వ అధ్యయనమున చెప్పబడిన నంద మణికారుని వృత్తాంతము తలచుకొనుట ఉచితము. నందుడు రాజగృహములో సంపన్నుడైన వర్తకుడు, మహావీరస్వామి ఉపాసకుడు. కాలక్రమమున సాధుసాంగత్యము కొరవడి అతని శ్రద్ధ సడలెను. ఒక వేసవిలో ఉపవాసముండగా దాహము బాధించి, జనులకై చెరువు త్రవ్వించువారు ధన్యులని తోచెను. శ్రేణిక మహారాజు అనుమతి గైకొని గొప్ప పుష్కరిణి కట్టించెను. చుట్టును నాలుగు వనములు, వానిలో చిత్రశాల, అన్నశాల, వైద్యశాల మొదలగునవి ఏర్పరచెను. వచ్చినవారందరు నందుని పొగడిరి. ఆ పొగడ్త విని అతడు పొంగిపోయెను. పిమ్మట వ్యాధులు చుట్టుముట్టగా, ఆ పుష్కరిణి మీది మమకారముతోనే ప్రాణము విడిచి, దానిలోనే కప్పయై పుట్టెను.

గట్టుమీద జనులు నందుని కీర్తించుచుండగా విని ఆ కప్పకు పూర్వజన్మ స్మృతి కలిగెను. అది తానుగా వ్రతములు చేపట్టెను, ఉపవాసములు చేసెను. మహావీరస్వామి వచ్చెనని విని దర్శనమునకై బయలుదేరి, త్రోవలో శ్రేణికుని గుఱ్ఱపు గిట్ట క్రింద పడి నలిగి, ప్రక్కకు ప్రాకి, అరిహంతులకు నమస్కరించి, వ్రతముతో దేహము చాలించి దేవగతి పొందెను. దిగంబర సంప్రదాయమునను సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారములో, పూవుతో భగవంతుని పూజింపబోయిన కప్పను పూజామహిమకు దృష్టాంతముగా పేర్కొనెను.

ఈ కథ వర్తకులకు మిక్కిలి దగ్గరిది. నందుడు చేసినది దానమే; చెడు పని కాదు. దాహమునకు నీరు, రోగమునకు మందు ఇచ్చిన పుణ్యాత్ముడతడు. అతనిని క్రిందికి లాగినది నీరు కాదు, నీటిమీద వ్రాసికొన్న తన పేరు. కప్పను పైకి తీసికొనిపోయినది ఎవరో దానికి చెప్పిన ఉపదేశము కాదు, తనకు తాను కలిగించుకొన్న మెలకువ. గుఱ్ఱముమీద పోవువారి మాటయు తలపవలెను. శ్రేణికుని పరివారము భగవద్దర్శనమునకే పోవుచున్నది. దర్శనపు తొందరలో కాలిక్రింద ఏమున్నదో చూడలేదు. గుడికి పోవు త్రోవలోనే జీవహింస జరిగెను.

నేటి వర్తకుడు గుఱ్ఱముపై పోడు. అతని సరకు పెద్ద ఇనుప పెట్టెలలో సముద్రములు దాటును. ఆగ్నేయ ఆసియా ప్రాంతపు గోదురుకప్ప అట్లే సరకులతో కలిసి పోయి యుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2014లో మడగాస్కర్ దీవిలో తోమాసినా ఓడరేవు సమీపమున దీనిని గుర్తించిరి. ఆ దీవిలోని జంతువులకు దీని విషము ఎన్నడును ఎరుగనిది. అందలి పాములు మొదలగు చాల జాతులకు ఆ విషమును తట్టుకొను శక్తి లేదని 2018లో పరిశోధకులు తేల్చిరి. కప్పయు దోషి కాదు, పాములును దోషులు కావు. పెట్టె మూయునపుడు లోన ఏమున్నదో చూడని చేయి దోషి. వస్తువును తీయునపుడు, పెట్టునపుడు చూచి పెట్టుమని మునులకు విధించిన ఆదాననిక్షేపణ సమితి, నేడు గిడ్డంగులకు, ఓడరేవులకు ఎంత అక్కరయో ఇందువలన తెలియును.

దీపమును గూర్చి ఆలంగాయము చేరువనే యొక నిదర్శనమున్నది. కొంచెము దూరమున జవ్వాది కొండలలో కావలూరను పల్లె కలదు. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైణు బప్పు (1927–1982), నక్షత్రములను చూచుటకై ఈ స్థలము నెన్నుకొని 1960ల చివర వేధశాలను నెలకొల్పెను. 1986లో అది ఆయన పేర వెలసినది, 2.3 మీటర్ల దూరదర్శిని అందున్నది. అట్టి పనికి చీకటి కావలెను. ఊళ్ళలోని వృథా వెలుతురు ఆకసమునకెక్కి నక్షత్రములను మరుగుపరచును. మనుష్యునికి ఆకసము కనబడుటకు చీకటి ఎంత అవసరమో, పురుగునకు త్రోవ తప్పకుండుటకును అంతే అవసరము. రెండింటికిని చెరుపు చేయునది అక్కరలేని దీపమే.

వ్యాపారమన్న వెలుతురు ఉండకపోవునా, చీకటి దుకాణమునకు ఎవరు వత్తురు అని ఎవరైన అనవచ్చును. ఆ మాట నిజమే. దీపము మానుమని ధర్మము చెప్పదు. చూచి పెట్టుమని చెప్పును. చేయదగినవి కష్టమైనవి కావు. దుకాణము మూసినతోడనే బోర్డుదీపము ఆర్పవచ్చును. దీపమునకు పైన కప్పు పెట్టి, వెలుతురు నేలమీదికే పడునట్లు చేయవచ్చును. నీలివన్నె గల తెల్లని దీపమునకంటె పసుపువన్నె దీపమునకు పురుగులు తక్కువగా వచ్చును. నీటి తొట్టికి మూత వేయవచ్చును. మూత లేనిచోట ఒక రాయియో పలకయో ఏటవాలుగా ఉంచినచో పడిన ప్రాణి తానే ఎక్కి రాగలదు. వానరాత్రి బండి కదలించుటకు ముందు చక్రముల క్రింద ఒకసారి చూడవచ్చును. తోకకప్పలున్న గుంటలో ఫినాయిలు, బ్లీచింగు పొడి పోయకుండవచ్చును. చర్మముతో నీరు త్రాగు జీవికి ఆ మందులు చర్మముగుండనే ఎక్కును. ఇంటిలోనికి వచ్చిన కప్పను చీపురుతో కొట్టక, తడి కాగితముతో మెల్లగా ఎత్తి గోడనీడను విడువవచ్చును. చెరువులను, మడుగులను ఎండగొట్టు వృత్తిని శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో ఒకటిగా పెద్దలు లెక్కించిరి. ఇంటి స్థలము చదును చేయించునపుడు ఆ మాట తలచుకొనదగినది.

ఇంత చేసినను పురుగులు చావవా? చచ్చును. కప్ప తినక మానునా? మానదు. లోకములోని హింసనంతటిని ఆపుట గృహస్థునికి సాధ్యము కాదు. అట్లు ఆపుమని ఎవరును అతనిని అడుగలేదు. కప్ప ఆకలి కప్ప కర్మము. దీపము మాత్రము దుకాణదారుని కర్మము. ఎవరి ఖాతా వారు చూచుకొనవలెను. ఇతరుల ఖాతాలోని అప్పును విమర్శించుచు, తన ఖాతాలో నిత్యము పడుచున్న చిన్న పద్దును మరచు వర్తకుని తెలివిగలవాడని ఎవరందురు?

ఆలంగాయపు దుకాణములోని పెద్దాయన పిల్లవాని మాట, గుమాస్తా మాట రెండును వినును. వెంటనే ఏమియు అనడు. గుమాస్తా లెక్కల పుస్తకము మూసి, తలుపులు వేసి, తాళము చేతికిచ్చిన పిమ్మట, "బాబూ, ఆ బోర్డుదీపం ఆర్పెయ్యి" అనును. "మన పేరు కనిపించదు కదా, దాదాజీ?" అని పిల్లవాడు అడుగును. "రాత్రిపూట మన పేరు ఎవరు చదువుతారు? పొద్దున సూర్యుడే చూపిస్తాడులే" అని పెద్దాయన బదులు చెప్పును.

దీపము ఆరును. పురుగులు కొంతసేపు తిరిగి చెదరిపోవును. కప్ప కొంచెము వేచియుండి, ఇక ఏదియు కదలకపోవుటచే గెంతుకొనుచు కాలువ ప్రక్కకు పోవును. ఎవరును దానిని తరుమలేదు, ఎవరును దానికి పురుగులను పెట్టలేదు. పిల్లవాడు కాలు మోపబోవుచోట ముందు చూచి, ఒక్కొక్క మెట్టే దిగి వచ్చును. వానాకాలమున ప్రతి ఇంటి గడపలోను ఆ చూపు నిలుచునుగాక.